నాయనమ్మ రూపాయి మీద రెండు గీతలు

పోయిన నెలలో మా వాషింగ్ మెషిన్ గరగరమంటూ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, దాన్ని పక్కకు పడుకోబెట్టి, అడుగు విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఒక తలపిన్ను, రెండు చొక్కా గుండీలు, ఒక నాణెం.

"రూపాయండీ ఇది. డ్రమ్ము సందులో పడి ఎన్నాళ్ళ నుంచి తిరుగుతోందో ఏమో" అని నవ్వుతూ నా చేతిలో పెట్టాడు.

రూపాయని అతను చెప్పబట్టి తెలిసింది. సింహాలు లేవు, అంకె లేదు. బొటనవేలితో తడిమితే నున్నగా జారింది. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మా ఆయన కంగారుగా మంచినీళ్ళు తెచ్చాడు. "ఏమైంది?" అంటే ఏం చెప్పను? ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి కూడా చెప్పని సంగతి ఒకటుంది. ఆ పూట చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

మాది అద్దంకి వెళ్ళే బస్సు రోడ్డు మీద చిన్న ఊరు. రోడ్డుకి ఒక పక్క మిరప చేలు, ఇంకో పక్క పత్తి చేలు. వానాకాలంలో ఆ నల్లరేగడిలో అడుగు పెడితే చెప్పులు అక్కడే ఉండిపోయేవి, కాళ్ళు మాత్రం పైకొచ్చేవి. మా ఇంటి ముందుగదిలో పత్తి పోసేవాళ్ళు. ఆ గుట్ట దూలాల దాకా పెరిగాక నేనూ, పక్కింటి పిల్లలూ కిటికీ ఎక్కి అందులోకి దూకేవాళ్ళం. మొల లోతున కూరుకుపోయి, ఊపిరాడక, నవ్వలేక నవ్వేవాళ్ళం. బయటికొచ్చేసరికి జుట్టు నిండా దూది. "ముసలమ్మలొచ్చారు చూడండి" అని అమ్మ చీపురు తీసుకుని వెంటపడేది. ఆ దూది వాసన ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఎండలో ఆరేసిన దుప్పటికీ, పచ్చి గింజల నూనెకీ మధ్య ఎక్కడో ఉంటుంది.

ఆ ఇంట్లో నేనూ, అమ్మా నాన్నా, పెళ్ళి చేసుకోని పెదనాన్నా, మా నాయనమ్మా ఉండేవాళ్ళం. నాయనమ్మకు అప్పటికి అరవై ఉంటాయి. ఎప్పుడూ నడుము దగ్గర వక్కాకు తిత్తి దోపుకుని ఉండేది. అందులో తమలపాకులు, వక్కలు, అడకత్తెర, సున్నం డబ్బా, వాటితోపాటు ఒక వెండి రూపాయి. ఆకు వేసుకున్న ప్రతిసారీ ఆ రూపాయిని బయటికి తీసి, బొటనవేలితో రుద్దుతూ నమిలేది. రోజుకు ఇరవై సార్లు తీసేదేమో. ఆ రూపాయి మీద ఎవరో రాజు బొమ్మ ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి గడ్డం ఉన్న మనిషి అని చెబితే నమ్మాలి, అంతే. ముక్కు పోయింది, కిరీటం పోయింది. చెవి ఒక్కటి చిన్న గింజలాగా మిగిలింది. అడకత్తెరా, సున్నం డబ్బా, సున్నపు పొడీ, ఆమె వేలూ కలిసి ఏళ్ళ తరబడి ఆ రాజుని తినేశాయి.

ఆ రూపాయి కథ నాకు కంఠతా వచ్చు. నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమెనూ, ఆమె తమ్ముణ్ణీ తిరునాళ్ళకు తీసుకెళ్ళి, తలొక కొత్త రూపాయి చేతిలో పెట్టాడట. "ఇది ఖర్చుపెట్టే రూపాయి కాదు, దగ్గర ఉంచుకునే రూపాయి" అన్నాడట. ఇంటికొచ్చాక ఏది ఎవరిదో తెలియక ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. అప్పుడాయన కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి, రాజు మెడ కింద పైపైన గీతలు గీయించాడు. అక్క కాబట్టి ఈమెకు రెండు గీతలు, తమ్ముడికి ఒక గీత.

తర్వాత మూడు నాలుగేళ్ళకు, మిరప తోటకు కాపలా ఉండమంటే ఆ తమ్ముడు బావికి ఈతకు పోయాడు. గొడ్లు పడి మొక్కలన్నీ తొక్కేశాయి. వాళ్ళ నాన్న వచ్చి "వాడేడే?" అని అడిగితే, నాయనమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కొడుకుని ఎడ్లబండి చక్రానికి కట్టేసి కొట్టాడు. మర్నాడు పొద్దున మంచం మీద పిల్లాడు లేడు. రూపాయి కూడా లేదు. మళ్ళీ రాలేదు.

"పొలంలోనే ఉన్నాడు నాన్నా, ఇప్పుడే మంచినీళ్ళకు పోయాడు అంటే సరిపోయేది గదే. ఆ మాట నా నోటికి రాలేదు" అనేది నాయనమ్మ.

ఎన్ని సార్లు అనేదో లెక్క లేదు. నాకే కాదు, గాజులమ్మే ఆమెకు, చిలక జోస్యం చెప్పేవాడికి, పత్తి తీయడానికి పై ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళకు, కాలినడకన కొండకు పోతూ మా అరుగు మీద కూర్చున్న యాత్రికులకు, అందరికీ చెప్పేది. చెప్పి, "మా తమ్ముడి రూపాయికి ఒక గీత ఉంటుంది. ఎక్కడన్నా కనపడితే అక్క బతికే ఉందని చెప్పు నాయనా" అని పంపేది. అలా ఆ గీతల సంగతి ఎన్ని ఊళ్ళు తిరిగిందో ఎవరికీ తెలియదు.

కొడుకు లేకుండా పోయేసరికి వాళ్ళ నాన్న నాయనమ్మకు ఇల్లరికపు అల్లుణ్ణి, నేను పుట్టకముందే పోయిన మా తాతయ్యను, తెచ్చాడు. ఆ ఇల్లూ, ఆరెకరాల చేనూ ఆమెకే వచ్చాయి. వాటి మీదే మా నాన్నా, పెదనాన్నా వ్యవసాయం చేసేవాళ్ళు.

నేను ఆరో తరగతిలోకి వచ్చిన ఏడు నాన్న నాకు చీరాల నుంచి జామెట్రీ బాక్సు తెచ్చాడు. పసుపురంగు రేకు డబ్బా, మూత మీద నెమలి బొమ్మ. అందులో నాకు అన్నింటికన్నా నచ్చింది కంపాస్. దాని ముల్లుతో బల్ల మీద, తలుపు మీద, నీళ్ళ గాబు అంచున, ఎక్కడ పడితే అక్కడ నా పేరు చెక్కేదాన్ని. అరటి చెట్టు బోదె మీద చెక్కితే మర్నాటికి అక్షరాలు నల్లబడి పైకి కనిపించేవి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నాయనమ్మ అరుగు మీద కూర్చుని రూపాయిని తిప్పి తిప్పి చూస్తోంది. ఎండకేసి పట్టి చూసింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తర్వాత నన్ను పిలిచింది.

"ఇదిగో, నీ కళ్ళు లేతకళ్ళు. రెండు గీతలూ ఉన్నాయా చూడు."

చూశాను. మెడ కింద ఏమీ లేదు. కాస్త పక్కకు వంచితే ఏదో ఉందేమో అనిపించింది, అంతే.

"ఉన్నట్టే ఉన్నాయి నాయనమ్మా."

"ఉన్నట్టే ఏంది? ఉన్నాయా లేవా?"

ఆమె రూపాయిని తిత్తిలో వేసుకుని, ఆకు నమలడం కూడా మర్చిపోయి, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. మర్నాడూ అంతే. ఎవరో పోయినట్టు ఉంది ఆమె మొహం.

మూడో రోజు ఆమె స్నానానికి పోయినప్పుడు తిత్తి మంచం మీద ఉంది. నేను రూపాయి తీసుకుని పత్తి గదిలోకి దూరాను. కంపాస్ ముల్లుతో, నాలుక బయట పెట్టి, చెయ్యి కదలకుండా రెండు గీతలు గీశాను. వెండి నేననుకున్నంత గట్టిగా లేదు. గీతలు తెల్లగా మెరుస్తుంటే బుగ్గితో, నూనెతో రుద్ది మాసినట్టు చేశాను. ఎంత తెలివైనదాన్నో అని నా మీద నాకే ముచ్చటేసింది.

ఆ సాయంత్రం నాయనమ్మ ఆకు వేసుకుంటూ అలవాటుగా వేలితో తడిమి ఆగిపోయింది. మళ్ళీ తడిమింది. "ఉన్నాయే! ఓసినీ, ఉన్నాయే! ఆ పూట చెమటకు వేలు మొద్దుబారిందో ఏమో" అని కేకేసింది. అమ్మను పిలిచి చూపించింది. పెదనాన్నకు చూపించింది. రాత్రికి వంటింట్లో కూర్చుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే గొప్పంతా పోతుందనుకున్నాను.

ఆ తర్వాత మూడు నెలలకో నాలుగు నెలలకో, మిరపకాయలు కళ్ళంలో ఆరబోసిన రోజుల్లో, ఆయన వచ్చాడు.

ఆ కాలంలో మా ఊరంతా ఒకటే ఎరుపు. ఇంటి పక్కన దొడ్డంతా కళ్ళమే. పొద్దునే కాయలు తిరగేస్తే ఘాటు వీధి చివర దాకా పోయేది. ఊళ్ళో వాళ్ళకు అది గాలితో సమానం. పండుమిరపకాయలు రోట్లో దంచి, చింతపండు వేసి కొరివికారం పెట్టేవాళ్ళు. రోటి దగ్గర కూర్చుని, అమ్మ చూడకుండా రెండు వేళ్ళతో తీసి నాకి, నోరు మండి, బెల్లం కోసం పరిగెత్తడం మా పిల్లలందరికీ ఏటా ఒక వేడుక. పత్తికి ఆ ఏడు తెల్లదోమ పట్టింది. ఆకుల మీద జిగురు, కాయలు నల్లగా. ఎన్ని మందులు కొట్టినా పోలేదు. మిరపకాయలే ఆ యేటికి ఆధారం. నాన్నా పెదనాన్నా ఇంట్లో తక్కువ మాట్లాడుతున్న రోజులవి.

ఆ రోజు ఆదివారం. నాయనమ్మ కళ్ళంలో గోనెపట్టా మీద కూర్చుని తొడిమలు తీస్తోంది. నేను పక్కన హోంవర్కు చేస్తున్నాను. బస్సు ఆగిన చప్పుడైంది. కాసేపటికి వీధిలో తుమ్ములు. తుమ్ము మీద తుమ్ము. ఖాకీ ప్యాంటు, తెల్లచొక్కా, చేతిలో రెక్సిన్ సంచి. తల నెరిసిన మనిషి గుమ్మం దగ్గర నిలబడి రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. నాయనమ్మ వాళ్ళ నాన్న పేరు చెప్పి, "వాళ్ళిల్లు ఇదేనాండీ?" అని అడిగాడు.

"ఇదే. నువ్వెవరు నాయనా?" అంది నాయనమ్మ తలెత్తకుండా.

ఆయన రుమాలు తీశాడు. "అక్కా, నేనే."

నాయనమ్మ లేచింది. ఒళ్ళోని కాయలన్నీ కింద పడ్డాయి. దగ్గరికి పోయి రెండు చేతులూ ఆయన మొహం దాకా ఎత్తి, అక్కడే ఆపేసింది. చేతుల నిండా కారం. "కళ్ళు మండుతాయిరా, ఉండు, చేతులు కడుక్కొస్తా" అని గాబు దగ్గరికి పరిగెత్తింది. నీళ్ళతో, బుగ్గితో, మజ్జిగతో కడుక్కుంది. పొద్దుటి నుంచి తొడిమలు తీసిన చేతులకు ఆ మంట అంత తేలిగ్గా పోదు. కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగేది. ఏడుస్తూనే ఉంది. నన్ను చేలోకి పంపింది. "మీ నాన్నను, పెదనాన్నను పిలువు. మామయ్య వచ్చాడని చెప్పు, పో."

నేను ఎగురుకుంటూ పోయాను.

మేం తిరిగొచ్చేసరికి ఆయన వసారాలో పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. దోసకాయ పప్పు, కొరివికారం, నెయ్యి. ఎదురుగా నాయనమ్మ విసనకర్రతో విసురుతోంది. కారానికి ఆయన కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. షోలాపూర్‌లో బట్టల మిల్లులో పని చేశానన్నాడు. పత్తి బేళ్ళు విప్పే పని. "గుంటూరు అని రాసిన బేళ్ళు వస్తే నేనే విప్పేవాణ్ణక్కా. వాసన చూసేవాణ్ణి" అన్నాడు. మిల్లు మూసేశారట. భార్య పోయిందట. పిల్లలు కలగలేదట. ఆయన తెలుగులో మా వైపు యాస లేదు. మాటకు మాటకు మధ్య ఏదో వెతుక్కుంటున్నట్టు ఆగుతున్నాడు.

పెదనాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ ఒక ఉత్తరం కూడా రాయలేదేమండీ?" అన్నాడు పెదనాన్న. గొంతులో మర్యాద ఉంది.

"రాయాలనే అనుకున్నానయ్యా. మొదట కోపం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత మీరెవరూ ఉండరేమో అనుకున్నా."

"ఇప్పుడేం పని మీద వచ్చారు?"

"పనేముంది? అక్కను చూద్దామని." కాసేపాగి, "ఉండమంటే ఈ వసారాలో ఓ మూల పడుంటా. నాకేమీ వద్దు" అన్నాడు.

పెదనాన్నా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత పెదనాన్న ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఈత కొట్టిన బావి ఎటుంది? తూర్పున అన్నాడాయన. బావి పడమర. ఎప్పుడో పూడ్చేశారు. తోటలో పడ్డవి ఏంటి? మేకలన్నాడు. గొడ్లని నాయనమ్మ చెప్పేది. తండ్రి కొట్టిన సంగతి, చక్రం సంగతి, గీతల సంగతి సరిగ్గానే చెప్పాడు.

"అయ్యి ఈ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా అమ్మ చెప్పని మనిషి లేడు" అన్నాడు పెదనాన్న. "రూపాయి ఉందా మీ దగ్గర?"

"లేకేం!" ఆయన గబగబా ఎడమచేత్తో ప్యాంటు జేబులోంచి తాళాలగుత్తి, మిల్లు టోకెను బిళ్ళ, వాటితోపాటు ఒక వెండి బిళ్ళ తీసి మంచం మీద పెట్టాడు.

ఆ బిళ్ళ మీద ఏమీ లేదు. రాజు లేడు, చెవి లేదు, అక్షరం లేదు, అంచున పళ్ళు లేవు. రెండు వైపులా ఒకటే నునుపు.

"గీత ఏదండీ?" అన్నాడు పెదనాన్న.

"అరిగిపోయింది బాబూ. యాభై ఏళ్ళు ఈ జేబులోనే. మిషన్ల దగ్గర నిలబడితే చెయ్యి దాని మీదికే పోయేది."

"అమ్మా, నీది తియ్యి."

నాయనమ్మ ఆనందంగా తిత్తి విప్పింది. తన రూపాయిని తీసి ఆయన రూపాయి పక్కన పెట్టింది. చెవి గింజ కింద రెండు గీతలు, పక్కపక్కన, చక్కగా.

కళ్ళంలో ఎండుకాయల మీద గాలి వీస్తే గలగలమన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"మా అమ్మా యాభై ఏళ్ళ నుంచే మోస్తోంది. మా అమ్మ దాని మీద గీతలున్నాయి. మీదాని మీద లేవు. అరిగిన బిళ్ళ ఎవడి జేబులోనైనా ఉంటుందండీ" అన్నాడు పెదనాన్న.

ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచి, ఎడమచేత్తో నాయనమ్మ రూపాయి తీసుకున్నాడు. బొటనవేలితో గీతల మీద ఒకసారి రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. యాభై ఏళ్ళు ఒక రూపాయిని తడిమిన వేలది.

"అక్కా, ఈ గీతలు మళ్ళీ ఎప్పుడు పెట్టించావు?" అని నెమ్మదిగా అడిగాడు.

"మళ్ళీ ఏందిరా? నాన్న పెట్టించినయ్యే."

"ఎవరిచేతా గీయించలేదా?"

"నా రూపాయిని నేనొకరి చేతిలో పెడతానా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు తెలిసిన నిజం అదే. ఆయన ఆమె మొహంలోకి చూసి, రూపాయిని మంచం మీద పెట్టేశాడు. తర్వాత మా అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. నన్నూ చూశాడు. నా ఒళ్ళో, కళ్ళంలోంచి తెచ్చుకున్న పుస్తకాలతో పాటు జామెట్రీ బాక్సు ఉంది. నేను దాని మీద పుస్తకం కప్పాను.

నాకు అంతా అర్థమైంది. ఏదో పెద్దవాళ్ళ గొడవ అని నేననుకోలేదు. నేను గీసిన గీతల వల్లే ఆయన దొంగ అవుతున్నాడని స్పష్టంగా తెలుసు. చెబితే పెదనాన్న కొడతాడని భయం వేసింది. అంతకన్నా, తన గీతలు ఉత్తవని నాయనమ్మకు తెలిసిపోతుందని భయం వేసింది. నోరు తెరిచాను కూడా. అమ్మ "ఏంటే?" అంది. "మంచినీళ్ళు" అన్నాను.

నాయనమ్మ రెండు రూపాయలనూ మార్చి మార్చి చూస్తోంది. ఆమె మొహంలోంచి వెలుగు దిగిపోవడం చూశాను. "ఉండాలి గదా... నాదానికి ఉన్నాయి గదా... దానికీ ఉండాలి గదా" అని తనలో తనే అనుకుంది. ఇందాక ఆ మొహం చూడగానే లేచి పరిగెత్తిన మనిషి, ఇప్పుడు ఆ మొహం చూడటం లేదు. రూపాయినే చూస్తోంది.

ఆయన తన బిళ్ళ తీసుకుని జేబులో వేసుకున్నాడు. విస్తట్లో అన్నం సగం అలాగే ఉంది. చెయ్యి కడుక్కున్నాడు. సంచి తీసుకున్నాడు. "ఉంటానక్కా" అన్నాడు.

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవరి బిడ్డవో నాయనా, చల్లగా ఉండు" అంది.

గుమ్మం దాటాక మళ్ళీ తుమ్ములు వినిపించాయి. "ఈ ఊళ్ళో పుట్టినోడు తుమ్ముతాడా?" అన్నాడు పెదనాన్న. బస్సుకు ఇంకా గంటన్నర టైముంది. ఆయన రోడ్డు మీద ఎండలో సంచి మీద కూర్చోవడం మా కిటికీలోంచి కనిపించింది. ఆ గంటన్నరా నేను పత్తి గదిలో ఉన్నాను. వెళ్ళి చెప్పడానికి ఇంకా టైముందని తెలుసు. బస్సు వచ్చింది. ఆగింది. వెళ్ళింది.

చెప్పాను, కానీ తర్వాత. పదిహేను రోజులు అన్నం సయించక, చదువు ఎక్కక, జ్వరం కూడా వచ్చాక, ఒక సాయంత్రం నాన్న చేలో పత్తి మొక్కలు పీకేస్తుంటే వెళ్ళి చెప్పాను. తెల్లదోమ తిన్న ఆ మొక్కలను పీకి కుప్ప వేస్తున్నాడు. ఏడుస్తూ మొత్తం చెప్పాను. కంపాస్, బుగ్గి, నూనె, అన్నీ. కొడతాడని కళ్ళు మూసుకున్నాను.

నాన్న ఇంకో మొక్క పీకాడు. మట్టి దులిపాడు.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ రోజే. పాత గీతకు అంచు ఉండదు. అవి కోసినట్టున్నాయి. ఇంట్లో అలాంటి ముల్లు ఎవరి దగ్గరుంది? మీ పెదనాన్నకూ తెలుసు."

"మరెందుకు చెప్పలేదు నాన్నా?"

నాన్న నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ కళ్ళలో. కోపమే ఉంటే నాకు బాగుండేది.

"నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు.

చుట్టూ ఆరెకరాల చేను ఉంది. అందులో పీకేసిన మొక్కల కుప్పలున్నాయి. వెళ్ళేటప్పుడు నాన్న "నాయనమ్మకు చెప్పమాక. తట్టుకోలేదు" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాను. జీవితంలో నేను నిలబెట్టుకున్న మాటల్లో అంత చెడ్డది ఇంకోటి లేదు.

ఆ ఆరెకరాలూ మాకు మిగల్లేదు. వరసగా మూడేళ్ళు పత్తి పోయింది. కొంత కొంతగా అమ్మేశారు. పెదనాన్న ఆఖరి ముక్క కూడా పోయాక ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. నాన్న గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు తూచే దగ్గర పనికి కుదిరాడు. ఆ గొంతు, ఆ నడక, ఏదీ రైతుది కాకుండా పోయింది.

నాయనమ్మ మాత్రం ఎదురుచూడటం మానలేదు. అరుగు మీద కూర్చునే కథ చెప్పేది. ఇప్పుడు కథకు ఇంకొంచెం చేరింది. "ఒకసారి ఒకడొచ్చాడమ్మా, మోసగాడు. నున్నటి బిళ్ళ పట్టుకొచ్చి తమ్ముణ్ణన్నాడు. పాపం ఆకలికి వచ్చాడేమో. మా తమ్ముడి దానికి గీత ఉంటుంది." విన్నవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

నేను పదో తరగతిలో ఉండగా ఆమె మంచం పట్టింది. చూపు దాదాపు పోయింది. రూపాయి మాత్రం గుప్పిట్లోనే ఉండేది. ఒక రోజు బడి నుంచి వచ్చి పక్కన కూర్చుంటే నా చేతిని పట్టుకుని, రూపాయిని అందులో పెట్టింది.

"గీతలు ఉన్నాయా?"

చూశాను. సున్నమూ, వేలూ నాలుగైదేళ్ళలో నా గీతలను కూడా తినేశాయి. చెవి గింజ కూడా పోయింది. షోలాపూర్ నుంచి వచ్చిన ఆ బిళ్ళకూ దీనికీ ఇప్పుడు తేడా లేదు.

"ఉన్నాయి నాయనమ్మా" అన్నాను.

"లేవే. నా వేలికి తెలియదా?"

తల దిండు మీద అటు తిప్పుకుంది. నిద్రపోయిందనుకున్నాను. చాలాసేపటికి, గోడ వైపు చూస్తూనే, "ఇట్టాగే అరిగిపోయి ఉంటుంది వాడిది కూడా" అంది. "ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడా? నాకు గుర్తు రావడం లేదు."

"లేదు నాయనమ్మా."

"కారం ఎక్కువైందేమో" అంది.

అంతే. తర్వాత ఆ విషయం ఎత్తలేదు. వారం తిరక్కుండా పోయింది. రూపాయిని నాన్న ఆమె చేతిలోనే ఉంచాడు. తర్వాత దాని సంగతి ఎవరూ అడగలేదు.

పెళ్ళయ్యాక ఒకసారి మా ఆయన ఉద్యోగం మీద అటు వెళ్తే నేనూ వెంట వెళ్ళి, ఏదో వంక చెప్పి షోలాపూర్‌లో దిగాను. మిల్లు గేటు తుప్పు పట్టి ఉంది. లోపల గడ్డి. తెలుగువాళ్ళుండే వీధుల్లో మధ్యాహ్నం దాకా తిరిగాను. పేరు చెప్పి అడిగాను. ఒక ముసలాయన ఆలోచించి, అలాంటాయన ఒకరు ఉండేవారనీ, ఊరికి పోతున్నానని గది ఖాళీ చేసి వెళ్ళారనీ అన్నాడు. "మళ్ళీ రాలేదమ్మా. అక్క ఉందని చెప్పేవారు. అక్కడే ఉండిపోయి ఉంటారు" అన్నాడు. ఔనన్నట్టు తలూపి వచ్చేశాను.

ఆ పూట ఇదంతా విన్నాక మా ఆయన చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మంచి మనిషి. "అప్పటికి నీకు పదకొండేళ్ళు. చిన్నపిల్లవి. నీ తప్పేముంది?" అన్నాడు.

కాదని నేను వాదించలేదు. కానీ నాకు తెలుసు. నేను చెప్పాల్సింది మూడే మాటలు. అవి నేనే గీశాను. పదకొండేళ్ళ పిల్లకు ఆ మూడు మాటలూ వచ్చు.